సరస్సు మీద పట్టాలు: సియాటిల్ ఈస్ట్ లింక్ పనులు ఎంతవరకు వచ్చాయి?

రెయినియర్_వాసి | 2022 ఆగస్టు

ఈస్ట్ లింక్ గురించి ఇక్కడ తలో చోట తలో ముక్క మాట్లాడుకుంటున్నాం. అన్నీ ఒకచోట ఉంటాయని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. సియాటిల్ నుంచి లేక్ వాషింగ్టన్ దాటి, మెర్సర్ ఐలాండ్, బెల్వ్యూ మీదుగా రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ క్యాంపస్ దాకా 14 మైళ్ళు, 10 స్టేషన్లు. 2008లో జనం ఓటేశారు. 2016లో పని మొదలైంది. 2023లో రైలు నడవాలి. నడవదని ఈ నెల తేలిపోయింది. సరస్సు దాటే ఐ-90 ఫ్రీవే మీద పట్టాల కింద పోసిన కాంక్రీట్ దిమ్మలు బాగోలేవట, పగలగొట్టి మళ్ళీ పోస్తారట.

నా గోల ఇంకొకటి. మా ఇంటి దగ్గర ఫ్రీవే మీద 550 బస్సు ఆగేది. అక్కడ జడ్కిన్స్ పార్క్ స్టేషన్ కట్టాలని 2018లో ఆ స్టాప్ ఎత్తేశారు. అప్పటినుంచి తూర్పున ఉన్న బెల్వ్యూ వెళ్ళాలంటే ముందు పడమరకి, డౌన్‌టౌన్ వైపు పోయి, అక్కడ 550 ఎక్కి, మళ్ళీ మా ఇంటి పక్కనుంచే వెళ్తున్నా. కిటికీలోంచి మా వీధి చివర కనిపిస్తుంది. ఐదేళ్ళే కదా అని ఓర్చుకున్నా. ఇప్పుడు ఎన్నేళ్ళో ఎవరూ చెప్పట్లేదు.

తోకబండి | 2022 ఆగస్టు

ఫాలో అవుతున్నా.

అనుమానం_పుల్లయ్య | 2022 ఆగస్టు

నాకొకటి అర్థం కాదు. దిమ్మ పోయడం అంత బ్రహ్మవిద్యా? ఇళ్ళ పునాదుల్లోనే ఇంతకన్నా పెద్ద దిమ్మలు పోస్తారు.

కాంక్రీట్_కామయ్య | 2022 ఆగస్టు

పుల్లయ్య గారూ, నేను ఈ ప్రాజెక్టులో లేను. పట్టాల పనుల్లో కొన్నేళ్ళు ఇన్‌స్పెక్షన్ చేశాను కాబట్టి చెప్తున్నా.

నేల మీద మామూలుగా కంకర పరిచి, దానిమీద స్లీపర్లు పెట్టి పట్టా వేస్తారు. కంకరది మంచి స్వభావం, తప్పు చేసినా క్షమిస్తుంది. పట్టా ఒకచోట కుంగితే మిషన్ తెచ్చి, కంకర కుక్కి, పైకి లేపేస్తారు. వంతెన మీద కంకర బరువు భరించలేం కాబట్టి నేరుగా డెక్ (వంతెన పైతలం) మీదే చిన్న చిన్న కాంక్రీట్ దిమ్మలు పోసి, వాటిమీద ఫాస్టెనర్లు బిగించి, ఫాస్టెనర్ మీద పట్టా కూర్చోబెడతారు. ఆ దిమ్మనే ప్లింత్ అంటారు. మోకాలెత్తు కూడా ఉండదు.

ఇక్కడ క్షమాపణ లేదు. పట్టా ఎత్తును దిమ్మే నిర్ణయిస్తుంది, తేడా మిల్లీమీటర్లలో ఉండాలి. దిమ్మ తక్కువ ఎత్తులో ఆగిపోతే ఫాస్టెనర్‌కీ దిమ్మకీ మధ్య సందు వస్తుంది. ఆ సందులో మోర్టార్ పూసి సరిపెట్టే ప్రయత్నం చేశారు, అది పగుళ్ళిచ్చింది. రైలు పోయిన ప్రతిసారీ ఆ పలచని పొర మీద సుత్తి దెబ్బ పడినట్టే కదా. ఇవాళ కనపడకపోయినా ఐదేళ్ళకి పొడైపోతుంది. అందుకే అతుకులు మానేసి, మొత్తం పగలగొట్టి పోయడానికి సిద్ధపడ్డారు.

ఇంకొకటి. దిమ్మ పగలగొట్టడం ఎవరైనా చేస్తారు. కింద డెక్‌కీ, డెక్‌లోంచి పైకొచ్చిన ఊచలకీ దెబ్బ తగలకుండా పగలగొట్టడంలో ఉంది కష్టం. ఇంటి పునాది పోసేవాడికి ఈ బెడద లేదు.

అనుమానం_పుల్లయ్య | 2022 సెప్టెంబర్

సరే, దిమ్మ సంగతి ఒప్పుకున్నా. అసలు నీళ్ళమీద తేలే వంతెన మీద రైలేంటండీ? 1990లో ఇదే ఐ-90 వంతెన మునిగిపోయిందా లేదా?

మెర్సర్_నడక | 2022 సెప్టెంబర్

మునిగింది. అప్పటికి నేను ఇక్కడే ఉన్నాను, టీవీలో చూశాను. మునిగింది మాత్రం రైలు వెళ్ళబోయే వంతెన కాదు, దాని పక్కది. ఐ-90 మీద రెండు వంతెనలున్నాయి. 1940 నాటి పాతది లేసీ వి. మర్రో వంతెన. 1989లో తెరిచింది హోమర్ హాడ్లీ వంతెన. రైలు హాడ్లీ మీద వెళ్తుంది.

పాతదానికి అప్పుడు మరమ్మతు జరుగుతోంది. పాత కాంక్రీటును గట్టి నీటిధారతో కొట్టి తీస్తున్నారు. ఆ మురికినీళ్ళు సరస్సులో కలవకూడదని పాంటూన్ల లోపలే నింపారు. పాంటూన్ అంటే లోపల డొల్లగా ఉండే కాంక్రీట్ పెట్టె, అది తేలడం వల్లే వంతెన తేలుతుంది. పైన మూతలు తీసి ఉన్నాయి. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తుఫాను వచ్చి ఇంకా నీళ్ళు దూరాయి. ఒక్కొక్క పెట్టే కిందకి పోయింది. పోతూ పోతూ పక్కనున్న కొత్త వంతెన లంగరు తాళ్ళు కొన్నింటిని తెంపింది కూడా. రైలు బరువుకు ముంపు రాలేదు, మూతలు తెరిచి పెట్టడం వల్ల వచ్చింది.

రెయినియర్_వాసి | 2022 సెప్టెంబర్

అక్కా, ఇంత వివరం ఎక్కడా చదవలేదు. థాంక్స్.

పుల్లయ్య గారికి ఇంకో మాట. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. హాడ్లీ వంతెన కట్టకముందే, 1976లోనే, మధ్య లేన్లను ముందుముందు రైలుకి ఇవ్వొచ్చని సియాటిల్, బెల్వ్యూ, మెర్సర్ ఐలాండ్ అన్నీ సంతకాలు పెట్టాయి. 2005లో రైలు బరువుకి సరిపడా బరువెక్కించిన లారీలను వంతెన మీద నడిపి చూశారు. పెట్రోలు పన్నుతో కట్టిన లేన్లను రైలుకి ఇవ్వకూడదని కోర్టుకెళ్ళిన కేసు కూడా 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టులో తేలిపోయింది. ఆ లేన్లు 2017 జూన్‌లో కార్లకి మూసేశారు.

చక్రవాకం | 2022 అక్టోబర్

రైలు వస్తే బెల్‌రెడ్ దగ్గర అద్దెలు ఎంత పెరుగుతాయో ఎవరైనా...

మోడరేటర్ | 2022 అక్టోబర్

అద్దెల మీద వచ్చిన 31 పోస్టులు వేరే థ్రెడ్‌కి పంపాను. ఇక్కడ పనుల సంగతి మాత్రమే.

మెర్సర్_నడక | 2023 మార్చి

రోజూ నడకకి వెళ్తాను కాబట్టి చూసింది చెప్తాను. మెర్సర్ ఐలాండ్ స్టేషన్ 77వ, 80వ అవెన్యూల మధ్య ఫ్రీవే నడుమ పల్లంలో ఉంది. 77వ అవెన్యూ ఓవర్‌పాస్ మీద నిలబడితే కింద పట్టాలు కనిపిస్తాయి.

ఇవాళ ఒక పది నిమిషాలు నిలబడ్డాను. ఒకచోట పట్టా విప్పేసి పక్కకి జరిపారు. ఇద్దరు మనుషులు, ఒక కంప్రెసర్. ఒకాయన దిమ్మను కొడుతున్నాడు. రెండో ఆయన ప్రతి నిమిషానికీ ఆపమని చెయ్యి చూపించి, వంగి, బ్రష్‌తో పొడి ఊడ్చి, టార్చి వేసి చూస్తున్నాడు. మళ్ళీ కొట్టమంటున్నాడు. పది నిమిషాల్లో ఒక మూల ఊడింది. కామయ్య గారు చెప్పిన ఊచలు తుప్పు రంగులో బయటికి కనిపించాయి. ఒక్కటి కూడా వంగలేదు.

పగలగొట్టాల్సిన దిమ్మలు 5,400 పైచిలుకట. ఇంటికొచ్చి ఆ లెక్క వేసుకుంటే నీరసం వచ్చింది.

కాంక్రీట్_కామయ్య | 2023 మార్చి

అక్కా, రెండో ఆయన చేస్తున్నదే అసలు పని. కొట్టేవాడు ఎక్కడైనా దొరుకుతాడు.

తోకబండి | 2023 మే

అన్నలూ, ఒక డౌట్. నెలవారీ రిపోర్టులో ఎప్పుడు చూసినా తొంభైల్లో శాతం పూర్తయిందని ఉంటుంది. అలాంటప్పుడు ఇన్నేళ్ళు ఎందుకు?

ఫ్లోట్_లెక్కలు | 2023 మే

తమ్ముడూ, ఆ శాతాన్ని నమ్ముకుంటే మోసపోతావు. అది ఎక్కువగా ఖర్చు లెక్క. సొరంగం తవ్వారు, స్తంభాలు లేపారు, స్టేషన్లు కట్టారు. డబ్బులో తొంభై వంతులు అక్కడే పోయాయి. మిగిలినవి దిమ్మలు, బోల్టులు, వైర్లు, సిగ్నళ్ళు. ఖరీదు తక్కువే, కానీ వాటిలో ఒక్కటి లేకపోయినా రైలు కదలదు. ఏనుగు దూరి తోక చిక్కుకోవడమంటే ఇదే.

రిపోర్టు తెరిస్తే నేను ముందు వెతికేది ఫ్లోట్. తెరవాల్సిన తేదీలోపు చేతిలో ఎన్ని ఖాళీ రోజులున్నాయో అది చెప్తుంది. పోయిన నెల 60 రోజులుండి ఈ నెల 40 అయిందంటే, శాతం ఎంత పెరిగినా సరే, పని వెనక్కి పోతున్నట్టు. (అంకెలు ఉదాహరణకి రాశాను, రిపోర్టులోవి కావు.) ఆ తర్వాత క్రిటికల్ పాత్ చూస్తాను. ఏ పని ఒక రోజు ఆలస్యమైతే ప్రారంభమూ ఒక రోజు ఆలస్యమవుతుందో ఆ వరుస అది. ఇప్పుడు ఆ వరుస మొత్తం ఐ-90 దిమ్మల మీదే ఉంది. బెల్వ్యూలో స్టేషన్ కప్పు ఎంత అందంగా ఉందన్నది ఇప్పుడు అనవసరం.

తమాషా ఏంటంటే, అందరూ భయపడింది బెల్వ్యూ సొరంగానికి. డౌన్‌టౌన్ కింద 2,000 అడుగుల దాకా పొడవు. పెద్ద బోరింగ్ మిషన్ లేకుండా కొంచెం తవ్వడం, వెంటనే గోడకి కాంక్రీట్ చిమ్మడం, మళ్ళీ కొంచెం తవ్వడం. అది 2018లోనే, అనుకున్నదానికన్నా ముందే, తవ్వేశారు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అనుమానం_పుల్లయ్య | 2023 జూన్

దిమ్మలే కాదు, ఇప్పుడు బోల్టుల దగ్గర నైలాన్ ముక్కలు కూడా చెడిపోయాయంటున్నారు. బోల్టుకి నైలాన్ ఏంటి? ఇనుముకి ఇనుమే పెట్టొచ్చుగా?

కాంక్రీట్_కామయ్య | 2023 జూన్

మంచి ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ రైలుకి పైతీగలోంచి 1,500 వోల్టుల డీసీ కరెంటు వస్తుంది. మోటారు తిప్పి, తిరిగి సబ్‌స్టేషన్‌కి పట్టాలగుండా పోతుంది. పట్టా దాటి పక్కకి కారిపోతే దాన్ని స్ట్రే కరెంట్ అంటారు. దానికి ఏ ఇనుము దొరికితే ఆ దారిన పోతుంది. డీసీ కరెంటు ఇనుములోంచి బయటికొచ్చే చోట ఆ ఇనుమును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఇక్కడ కింద ఉన్నది పాంటూన్లలో ఊచలు, లంగరు తాళ్ళు. అవి తుప్పు పట్టడం ఎవరికీ కనపడదు, ఎవరూ భరించలేరు కూడా. అందుకని పట్టాకీ వంతెనకీ మధ్య కరెంటు దాటకుండా అడ్డు ఉండాలి. ఆ అడ్డులో నైలాన్ ఒక భాగం. చూడ్డానికి బొటనవేలంత, చేసేది కాపలా పని.

అనుమానం_పుల్లయ్య | 2023 జూన్

ఈసారి అడగడం మంచిదే అయింది.

550_ప్రయాణికుడు | 2023 సెప్టెంబర్

వంతెన కోసం ఆగకుండా సౌత్ బెల్వ్యూ నుంచి రెడ్‌మండ్ టెక్నాలజీ దాకా ముందు నడిపేస్తారట. ఈ లైన్ కడుతున్న సౌండ్ ట్రాన్సిట్ బోర్డు పోయిన నెలలో ఒప్పుకుంది. స్టార్టర్ లైన్ అంటున్నారు. ఇది ఒట్టి షో కదా? సరస్సు దాటని రైలు ఎవడిక్కావాలి?

ఫ్లోట్_లెక్కలు | 2023 సెప్టెంబర్

బ్రో, బెల్వ్యూలో ఉండి రెడ్‌మండ్‌లో పనిచేసేవాళ్ళకి కావాలి. కట్టిన స్టేషన్లకి తాళం వేసి ఉంచితే ఏం లాభం?

అది సాధ్యమైంది కూడా ఒకే ఒక్క కారణం వల్ల. రైళ్ళు నిలిపి, కడిగి, బాగుచేసే డిపో బెల్వ్యూ వైపే ఉంది, 96 పెట్టెలు పడతాయి. అది సియాటిల్ వైపే ఉండుంటే స్టార్టర్ లైన్ మాటే లేదు.

550_ప్రయాణికుడు | 2023 సెప్టెంబర్

డిపో సంగతి తెలీదు. అయినా నాకు ఒరిగేదేమీ లేదు.

రెయినియర్_వాసి | 2024 ఏప్రిల్ 27

ఇవాళ మొదలైంది. వెళ్ళొచ్చా. మామూలుగానే వెనక్కి పోయి 550 ఎక్కి, సరస్సు దాటి, సౌత్ బెల్వ్యూలో దిగి రైలెక్కా. 6.5 మైళ్ళు, 8 స్టేషన్లు, రెండు పెట్టెలు, పది నిమిషాలకొకటి. మైక్రోసాఫ్ట్ దగ్గర దిగి, మళ్ళీ వెనక్కి. జనం బాగా ఉన్నారు, పిల్లలైతే ముందు అద్దానికి అతుక్కుపోయారు.

నేను చూసింది ఇంకొకటి. సౌత్ బెల్వ్యూ ప్లాట్‌ఫాం దక్షిణపు చివరకి నడిచి వెళ్ళా. అక్కడినుంచి పట్టాలు సరస్సు వైపు తిరుగుతాయి. రైళ్ళు తిరిగే పట్టా పైభాగం గీసిన వెండిలా మెరుస్తోంది. ఇంకాస్త ముందుకి చూస్తే మెరుపు పలచబడి, మచ్చలు పడి, ఆ తర్వాత అంతా ఎర్రటి తుప్పే. ఆ తుప్పు పట్టా అలాగే మా ఇంటిదాకా ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డా.

మెర్సర్_నడక | 2024 ఏప్రిల్ 28

మా ఓవర్‌పాస్ కింద కూడా ఎరుపే నాయనా.

తోకబండి | 2024 సెప్టెంబర్

సియాటిల్‌కి ఉత్తరాన లిన్‌వుడ్ దాకా లైను ఆగస్టు 30న తెరిచారు. అటువైపు రైళ్ళలో నిలబడ్డానికి చోటు లేదు. ఇదీ మన వంతెన పుణ్యమేనా?

ఫ్లోట్_లెక్కలు | 2024 సెప్టెంబర్

చాలావరకు అంతే. లెక్క ప్రకారం సియాటిల్ చైనాటౌన్ నుంచి లిన్‌వుడ్ దాకా రెండు లైన్ల రైళ్ళూ నడవాలి. రెండో లైను, అంటే మన ఈస్ట్ లింక్, పెట్టెలు సరస్సుకి ఆ ఒడ్డున డిపోలో ఉన్నాయి, దాటి రాలేవు. ఈ ఒడ్డున డిపోలో ఇంకా పెట్టెలు పెట్టే చోటు లేదు.

చక్రవాకం | 2025 మే 10

డౌన్‌టౌన్ రెడ్‌మండ్ ఓపెన్! మారీమూర్ విలేజ్ కూడా. 3.4 మైళ్ళు, రెండు కొత్త స్టేషన్లు. (అద్దెల గురించి ఏమీ అనట్లేదు, మోడరేటర్ గారూ.)

550_ప్రయాణికుడు | 2025 మే

చివరి ముక్క ముందు తెరిచారు, మధ్య ముక్క ఇంకా మిగిలే ఉంది. ఏం ప్లానింగో.

అనుమానం_పుల్లయ్య | 2025 జులై

ఇప్పుడు నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా, వెటకారం కాదు. వంతెన తేలుతుంది. ఒడ్డున ఉన్న భాగం కదలదు. రెండూ కలిసే చోట పట్టా ఏమవుతుంది? కారైతే చిన్న కుదుపుతో దాటేస్తుంది. రైలుకి పట్టా విరిగినట్టు వంగితే చక్రం ఒప్పుకోదుగా?

కాంక్రీట్_కామయ్య | 2025 జులై

మూడేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా పుల్లయ్య గారూ.

సరస్సు మట్టం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. బల్లార్డ్ లాకుల దగ్గర ఆర్మీ ఇంజినీర్లు దాన్ని నియంత్రిస్తారు. వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ, తేడా దాదాపు 2 అడుగులు. దానితోపాటు వంతెన లేస్తుంది, దిగుతుంది. గాలి పక్కకి తోస్తుంది, అలలు మెలిపెడతాయి, ఒకవైపు లారీలెక్కువైతే వాలుతుంది. వేడికి పొడవు కూడా మారుతుంది. ఒడ్డున స్తంభాల మీదున్న భాగం మాత్రం అలాగే నిలబడి ఉంటుంది.

ఆ వంపంతా ఒక్క కీలు దగ్గర వస్తే పట్టా అక్కడ మడతపడుతుంది. అందుకని అలాంటి ప్రతి కీలు మీదా 43 అడుగుల పొడవున్న ట్రాక్ బ్రిడ్జి ఒకటి వేశారు. మొత్తం ఎనిమిది. దాని కింద బేరింగులు వంపు తిరిగి ఉంటాయి. వంతెన ఎటు వాలినా అవి తిరిగి, ఒకచోట రావాల్సిన మడతని 43 అడుగుల పొడవునా నున్నటి వంపుగా పరిచేస్తాయి. అర చేతిలో స్కేలు పట్టుకుని కొస నొక్కండి, విరగదు, వంగుతుంది. అలా.

ప్రపంచంలో ఎక్కడా తేలే వంతెన మీద రైలు లేదు కాబట్టి కాపీ కొట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. ముందు కొలరాడోలో ప్యూబ్లో దగ్గర పరీక్షల మైదానంలో అసలు సైజులోనే కట్టి, దానిమీద రైలు నడిపి చూశారు. ఎడారిలాంటి చోట సరస్సు వంతెన పరీక్ష, నాకు ఎప్పుడు తల్చుకున్నా నవ్వొస్తుంది.

అనుమానం_పుల్లయ్య | 2025 జులై

స్కేలు నొక్కి చూశా. విరిగింది. ప్లాస్టిక్‌ది.

ఫ్లోట్_లెక్కలు | 2025 ఆగస్టు

ఇక్కడినుంచి వరుస ఇలా ఉంటుంది. ముందు రైలుని వేరే బండితో లాక్కెళ్ళి ఎక్కడా గోడకో స్తంభానికో తగలట్లేదని చూస్తారు. పైతీగకి కరెంటు ఇస్తారు. అప్పుడు రైలు సొంతంగా నెమ్మదిగా, తర్వాత వేగంగా, చివరికి గంటకి 55 మైళ్ళతో. సిగ్నళ్ళు, రేడియోలు, అన్నీ కలిపి పరీక్ష. అన్నీ కుదిరాక ప్రయాణికులు లేకుండా టైంటేబుల్ ప్రకారం వారాల తరబడి ఖాళీ రైళ్ళు. ఖాళీ రైళ్ళు కనపడగానే సంబరపడి ఫోన్లు చేయకండి, అప్పటికి ఇంకా చాలా ఉంటుంది.

తోకబండి | 2025 సెప్టెంబర్

దాటింది!! నిన్న రాత్రి రైలు సొంత కరెంటుతో వంతెన దాటింది! వీడియో చూశారా? చీకట్లో నీళ్ళమీద కిటికీల లైట్లు, మనిషి నడకలా నెమ్మదిగా.

రెయినియర్_వాసి | 2025 సెప్టెంబర్

మూడేళ్ళు ఈ థ్రెడ్ నడిపి, వంతెన కనిపించే వ్యూపాయింట్‌కి నడుచుకుంటూ వెళ్ళగలిగేంత దగ్గర్లో ఉండి, ఆ రాత్రి పది గంటలకే నిద్రపోయా. పొద్దున్న ఫోన్ చూస్తే 14 మెసేజ్‌లు.

550_ప్రయాణికుడు | 2025 సెప్టెంబర్

నేను మాత్రం వంతెన మీదే ఉన్నా, 550లో. అదీ చూళ్ళేదు, ముందు రోజు సాయంత్రం దాటేశా.

అనుమానం_పుల్లయ్య | 2025 సెప్టెంబర్

మునగలేదు. నోట్ చేసుకోండి, నేనే ముందు ఒప్పుకుంటున్నా.

మెర్సర్_నడక | 2025 అక్టోబర్

రెయినియర్ నాయనా, నీకోసం ఇవాళ పనిగట్టుకుని చూశాను. 77వ అవెన్యూ ఓవర్‌పాస్. రాత్రి వాన పడి కింద అంతా తడిగా ఉంది. పట్టా పక్కలు ఎర్రగానే ఉన్నాయి. పైన మాత్రం నడుమ అంగుళం వెడల్పున సన్నగా ఒక గీత తెల్లగా తేలింది. రెండు పట్టాలకీ ఉంది. స్టేషన్ అవతల మీ వైపుకి కూడా అలాగే పోయింది, చూపు ఆనినంత మేర.

రెయినియర్_వాసి | 2025 అక్టోబర్

అక్కా, ఇప్పుడే బయల్దేరుతున్నా. మా వైపు నేనూ చూసొస్తా.